మోటారు వైండింగ్ చేతులతో ఒక గాలపు కర్ర

పర్లాకిమిడిలో నాది మోటారు వైండింగ్ షాపు. బోరు మోటార్లు, పిండి మర మోటార్లు, మిక్సీలు, ఎండాకాలం వస్తే ఫ్యాన్లు. ఇరవై రెండేళ్లుగా రాగి తీగ, వార్నిష్ వాసన తప్ప వేరే లోకం తెలీదు. చేపలు పట్టడమంటారా, చిన్నప్పుడు వెదురు కర్రకి నైలాన్ దారం కట్టి, నెమలి ఈక కాడని బెండుగా వేసి, వానపాముతో మహేంద్రతనయలో పరిగెలు పట్టేవాణ్ణి. అంతే.

రెండేళ్ల కిందట వేసవిలో ఒక పెద్దాయన గుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువు పట్టుకుని షాపుకొచ్చారు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు, ఊళ్లో అందరికీ మేష్టారే. విప్పితే తేనె రంగులో మెరుస్తున్న గాలపు కర్ర. కొన విరిగిపోయింది. "బాబూ, నీ దగ్గర ఫైబర్‌గ్లాస్ స్లీవులుంటాయి కదా, దీనికేమైనా అతుకు వెయ్యగలవేమో చూడు" అన్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో ఇంజనీరు ఊరు వదిలి వెళ్తూ ఆయనకిచ్చాడట. దాన్ని ఫ్లై రాడ్ అంటారని ఆ రోజే విన్నాను.

విరిగిన చోట చూస్తే లోపల బోలు. గోడ మందం మిల్లీమీటరు కూడా లేదు. తెల్లటి గాజు పోగులు చీపురు పుల్లల్లా పైకి లేచి ఉన్నాయి. మేం కాయిళ్ల మీద తొడిగే స్లీవూ, చుట్టే గ్లాస్ టేపూ ఇదే సరుకు. ఓస్ ఇంతేనా అనిపించింది. ఆ 'ఇంతేనా' నాకు ఏడాదిన్నర పట్టింది.

మేష్టారి కర్రకి లోపల సన్నటి గాజు కడ్డీ దూర్చి, ఎపాక్సీతో అతికించి ఇచ్చేశాను. అతుకు దగ్గర బిర్రుగా ఉండి సరిగ్గా వంగలేదు. ఆయన ఏమీ అనలేదు గానీ టీ తాగుతూ ఒక సంగతి చెప్పారు. ఈ గాజు కర్రల పుట్టుక కూడా విరిగిన కొనతోనేనట. 1940లలో అమెరికాలో ఆర్థర్ హోవల్డ్ అనే ఆయనకి వెదురు కర్ర కొన విరిగితే, గాజు నారతో కొత్త కొన చేసుకున్నాడు. ఆ పద్ధతినే షేక్‌స్పియర్ అనే కంపెనీ తీసుకుని 'వండర్‌రాడ్' పేరుతో అమ్మింది. అంతకుముందు మంచి కర్రలు ఎక్కువగా చైనా నుంచి వచ్చే వెదురుతోనే చేసేవారు. 1950లో చైనా సరుకుని అమెరికా ఆపేయడంతో వెదురుకి కరువొచ్చి గాజు కర్ర రాజ్యమేలింది. 1973లో ఫెన్విక్ కంపెనీ గ్రాఫైట్ (కార్బన్ నార) కర్ర తెచ్చాక అది కూడా వెనకబడింది. "ఇప్పుడు గాజు కర్ర చేసుకునేవాళ్లంతా ఇష్టం కొద్దీ చేసుకునేవాళ్లే. గ్రాఫైట్ బెత్తంలా కొడుతుంది, గాజు కొరడాలా వంగుతుంది" అన్నారు మేష్టారు. ఆ మాట నాకు పట్టుకుంది.

ఒక ముక్క చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మన గాలంలో బరువు కొక్కెం దగ్గరుంటుంది, సీసం గుండో ఎరో. విసిరితే ఆ బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై అంటే ఈకలూ దారమూ చుట్టిన ఉత్త కొక్కెం, దానికి బరువే లేదు. బరువంతా లావుపాటి దారంలో ఉంటుంది. అయిదో నంబరు దారమైతే మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాములు. ఆ దారం వెనక్కీ ముందుకీ ఊగుతుంటే కర్ర దాని బరువుకి వంగి, మళ్లీ లేస్తూ విసరాలి. కాబట్టి కర్ర ఎక్కడ ఎంత వంగాలన్నదే అసలు పని.

ఏడున్నర అడుగులది, రెండు ముక్కలది, అయిదో నంబరు దారానికి సరిపడేది చేద్దామనుకున్నాను. ముక్క 45 అంగుళాలు. లోపల పెట్టి చుట్టడానికి ఒక చివర లావు, ఇంకో చివర సన్నంగా ఉండే స్టీలు కడ్డీ కావాలి. దాన్ని మాండ్రెల్ అంటారు. లేత్ షాపు భాయి దగ్గరికెళ్తే నవ్వాడు. అంత పొడుగూ అంత సన్నమూ అయిన కడ్డీ లేత్ మీద తిరిగితే మధ్యలో పాములా ఊగుతుంది, టూలు తగలగానే వంగిపోతుంది. చివరికి కడ్డీని డ్రిల్లులో బిగించి తిప్పుతూ, ఎమ్రీ పేపరుతో నేనే అరగదీశాను. అయిదేసి అంగుళాలకి ఒక గుర్తు, ప్రతి గుర్తు దగ్గరా మైక్రోమీటరు. కింది ముక్కకి 7.5 మిల్లీమీటర్ల నుంచి 5 దాకా. షాపు మూశాక రోజూ రాత్రి గంట చొప్పున, దానికే పదహారు రోజులు. పై ముక్క కడ్డీకి ఎన్ని రోజులో లెక్క పెట్టలేదు.

ఇక గాజు చుట్టడం. ఇక్కడే నా చెయ్యి నన్ను మోసం చేసింది. వైండింగ్ చేసేవాడి చేతికి టేపు ఇస్తే ఏం చేస్తాడు? ఏటవాలుగా, సగం సగం మీదకి వచ్చేలా చుట్టుకుంటూ పోతాడు. నేనూ అదే చేశాను. గ్లాస్ టేపు, ఎపాక్సీ, మూడు పొరలు, ఎంత అందంగా వచ్చిందో! ఎండాక కొద్దిగా వంచాను. కొబ్బరాకు ఈనె విరిగినట్టు ఫట్‌మని విరిగింది.

మేష్టారికి చూపిస్తే ముక్కని వెలుతురుకి పట్టుకుని చూశారు. "పోగులు ఎటు వెళ్తున్నాయో చూడు బాబూ. అన్నీ చుట్టూ తిరుగుతున్నాయి. కర్ర వంగేటప్పుడు పైవైపు సాగుతుంది, కిందివైపు నొక్కుకుంటుంది. ఆ బలం మొయ్యాల్సింది నిలువు పోగులు. నువ్వు పీపాకి పట్టాలేశావు గానీ చెక్కలు పెట్టలేదు" అన్నారు. ఇరవై రెండేళ్ల అలవాటు, ఒక్క మాటతో తేలిపోయింది.

మామూలు గ్లాసు గుడ్డలో నిలువు, అడ్డం పోగులు సమానంగా ఉంటాయి. కర్రలకి ఎక్కువ పోగులు నిలువుగా, కొద్దిగా అడ్డంగా ఉన్న గుడ్డ కావాలి. ఆ అడ్డం పోగులు కూడా ఉండాల్సిందే. అవి లేకపోతే బోలు గొట్టం వంగినప్పుడు తామర తూడులా చప్పిడి అయిపోతుంది. అలాంటి గుడ్డ బయటి నుంచి తెప్పించాను. దాన్ని టేపులా కాకుండా, పొడుగాటి జెండాలా కోసి, నిలువు అంచుని మాండ్రెల్‌కి అంటించి చాపలా చుట్టాలి. గుడ్డ మందం 0.2 మిల్లీమీటర్లు, నాలుగు చుట్లు కావాలనుకున్నాను. లెక్క వేస్తే కింది ముక్కకి జెండా వెడల్పు ఒక చివర 104 మిల్లీమీటర్లు, ఇంకో చివర 73. పెద్ద కంపెనీల్లో జిగురు ముందే పట్టించిన గుడ్డ వాడి, యంత్రంతో చుట్టి, పెద్ద ఓవెన్లో కాలుస్తారు. మనకి రెండు చేతులూ, డైనింగ్ టేబులు మీద పరిచిన అద్దం పలకా.

చుట్టాక పైన వేడి తగిలితే బిగుసుకునే పాలిస్టర్ టేపు లాగి కట్టాలి. ఇది మోటారు కాయిళ్లకి వాడేదే, నా దగ్గర బోలెడుంది. ఇక్కడ మాత్రం ఏటవాలు చుట్టే కరెక్టు! టేపు బిగుసుకునే కొద్దీ లోపలి గాలీ, ఎక్కువైన ఎపాక్సీ అంచుల వెంట బయటికి కారతాయి. వార్నిష్ ఎండబెట్టడానికి మా షాపులో బల్బుల పెట్టె ఉంటుంది. రేకు గొట్టం అతికించి దాన్ని పొడుగు చేశాను. వంద వాట్ల బల్బులు నాలుగు, 70 డిగ్రీలు, ఆరు గంటలు.

మొదటిది మాండ్రెల్‌ని వదల్లేదు. మైనం రాశాను గానీ ఒక చోట పలచబడ్డట్టుంది. వైస్‌లో బిగించి లాగాం, సుత్తితో కొట్టాం, లేత్ భాయిని కూడా పిలిచాను. ఆఖరికి గాజునంతా చీల్చి తియ్యాల్సి వచ్చింది. రెండోసారి మైనం మూడు పూతలేసి, ప్రతి పూతనీ గుడ్డతో రుద్దాను. చల్లారాక సన్నం చివర నుంచి లావు చివర వైపు ఒక్క దెబ్బ వేస్తే 'టక్' మని కదిలింది. ఒక్క మిల్లీమీటరు కదిలితే చాలు, మిగతాదంతా దానంతటదే జారి వస్తుంది. ఆ 'టక్' వినడం కోసమే ఇంకో కర్ర చెయ్యొచ్చు. పై ముక్క నాలుగోసారికి గానీ రాలేదు. సన్నం చివర మాండ్రెల్ 1.2 మిల్లీమీటర్లే, చుట్టేటప్పుడే వంగిపోయేది.

గాజు దుమ్ము గురించి ఒక మాట. టేపు విప్పాక పైన గీతలు గీతలుగా ఉంటే నున్నగా చేద్దామని రుద్దాను. మాస్కు పెట్టుకున్నాను గానీ పొడి పేపరుతో, చొక్కా చేతులు మడిచి! ఆ రాత్రంతా దురద. వేడి నీళ్లతో స్నానం చేస్తే ఇంకా పెరిగింది. చన్నీళ్లు పోసుకుని, ప్యాకింగ్ టేపు చేతులకి అంటించి పీకితే కాస్త తగ్గింది. తర్వాత నుంచి తడి ఎమ్రీతోనే రుద్దాను. మీరు చేస్తే దుమ్ము లేవనివ్వకండి, ఊపిరితిత్తుల్లోకి పోకూడనిది అది.

రెండు ముక్కల జాయింటు సంగతి. కింది ముక్క నోట్లో చిన్న గాజు మేకు అతికించి, అది పై ముక్కలోకి దూరేలా చేస్తారు. దాన్ని స్పిగాట్ అంటారు. బిగించినప్పుడు రెండు ముక్కల మధ్య పావు అంగుళం ఖాళీ కనబడాలి. వాడే కొద్దీ స్పిగాట్ అరిగి ఆ ఖాళీ తగ్గుతూ వస్తుంది, అందుకే ముందే వదలాలి. నాకేమో ఆ ఖాళీ చూస్తే పని తక్కువైనట్టనిపించింది. ఇంకొంచెం, ఇంకొంచెం అని రుద్ది రెండు ముక్కలూ ముద్దు పెట్టుకునేలా చేశాను. మర్నాడు ఊపితే కటకటమని శబ్దం. స్పిగాట్ పీకి మళ్లీ వేశాను. రెండోసారి కొవ్వొత్తి మైనం రాసి బిగించి, ఖాళీ ఉన్నంత ఉండనిమ్మని వదిలేశాను.

పిడి దగ్గర పని కర్ర కన్నా సరదాగా సాగింది. దీనికి కార్కు బిళ్లలు అతికించి లేత్ మీద తిప్పి రుద్దుతారు. కార్కు బిళ్లలు రావడానికి మూడు వారాలు పడుతుందంటే, ఈలోగా జీలుగు బెండుతో చూద్దాం అనుకున్నాను. బాసికాలు చేసే బెండే. తేలికలో దాన్ని మించింది లేదు. కానీ పిడికిలి బిగిస్తే వేళ్ల గుర్తులు పడిపోయాయి, తడిస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. మా ఆవిడ "పెళ్లికెళ్తున్నావా, చేపలకెళ్తున్నావా" అంది. కార్కు వచ్చేదాకా ఆగాను.

కార్కు ముందు భాగంలో కర్ర చుట్టూ చిన్న ఉంగరం ఉంటుంది, విదేశీ కర్రలకి లోహంతో చేస్తారు. మా ఊళ్లో కొమ్ము పని వాళ్లుండగా లోహమెందుకు? పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు మీరు చూసే ఉంటారు, కొంగలు, రొయ్యలు, దువ్వెనలు. నాకు తెలిసిన కొమ్ము పనివాడి దగ్గరికెళ్లి కర్ర చూపించాను. గేదె కొమ్ము మొదలు బోలుగా ఉంటుంది, చివర గట్టిగా నిండుగా ఉంటుంది. ఆ చివర ముక్క కోసి, కాస్త కాచి, బెజ్జం వేసి, ఆకురాయితో గుండ్రం చేశాడు. వెంట్రుకలు కాలిన వాసన. నల్లగా, నూనె రాసినట్టు మెరిసే ఉంగరం. డబ్బు తీసుకోలేదు గానీ, ఈ కర్రతో పట్టిన మొదటి మాఛొ (ఒడియాలో చేప) తనకే ఇవ్వాలన్నాడు.

దారం చుట్టి ఉండే రీలు కూర్చునే చోటికి ఫర్నిచరు షాపులో మిగిలిన ఇరుగుడు చెక్క ముక్క దొరికింది. కింద ఒక ఇత్తడి టోపీ, పైన జారే ఇత్తడి ఉంగరం. రీలు పాదం ఒక కొన టోపీలో దూర్చి, రెండో కొన మీదకి ఉంగరం జరిపితే బిగుస్తుంది. మరలేమీ ఉండవు. టోపీ, ఉంగరం మా కంసాలి చేశాడు. బంగారం పనివాడి చెయ్యి కదా, ఉంగరం చక్కగా గుండ్రంగా వచ్చింది. అదే తప్పయిందని ఏటి దగ్గర తెలిసింది.

గైడ్లని దారంతో కర్రకి చుట్టి కట్టడం నాకు వచ్చిన పని. గైడ్లు అంటే ఫ్లై దారం తమలోంచి దూరి వెళ్లేలా కర్ర పొడుగునా ఉండే తీగ వంపులు. ఎన్ని గైడ్లు కావాలంటే, కర్ర ఎన్ని అడుగులో దానికొకటి కలపమని వాడుక. కొన కాక నేను ఎనిమిది పెట్టాను. మిల్లీమీటరు స్టెయిన్‌లెస్ తీగని మేకుల చుట్టూ వంచి నేనే చేశాను. కర్రకి ఆనే వాటి పాదాలు పలచగా అరగదియ్యకపోతే అంచు దగ్గర కట్టిన దారం తెగుతుంది. మొదటి గైడుకి అదే జరిగింది. పట్టు దారం కోసం బరంపురం వెళ్లాను. అక్కడ మా మేనత్త వాళ్లది నేత కుటుంబాలున్న వీధి. బరంపురం పట్టు నేసేవాళ్లలో ఎక్కువమంది పూర్వీకులు తెలుగు నేల నుంచి వెళ్లినవాళ్లే. దారం సంగతి చెప్తే మా అత్త "చీరకి పనికిరాని పోగులు కావాలేటి నీకు, ఇంద" అని ముదురు ఎరుపువీ, తెల్లవీ రెండు కండెలు చేతిలో పెట్టింది. తెల్ల పట్టుకి ఎపాక్సీ తగిలితే అద్దంలా అయిపోయి, కింద గైడు పాదం కనబడుతుంది. ఎరుపు మాత్రం ముదిరి వక్క రంగుకి తిరుగుతుంది. రంగు నిలవాలంటే ముందు వేరే పూత వెయ్యాలి. నేను వెయ్యలేదు, ఆ వక్క రంగు నచ్చింది.

కట్టేటప్పుడు ముడి ఉండదు. చివరి ఎనిమిది చుట్ల కింద ఒక దారపు ఉచ్చు పెట్టి, కొసని అందులో దూర్చి లాగేస్తే చుట్ల కిందకి పోయి దాక్కుంటుంది. మొదటి రోజే సాఫీగా వచ్చింది. ఏడాదిలో మొదటిసారి నా చేతులు నన్ను వెక్కిరించలేదు.

పూతకి మాత్రం టెన్షన్ తప్పలేదు. ఎపాక్సీ పూశాక కర్ర తిరుగుతూనే ఉండాలి, లేకపోతే ఒక పక్కకి జారి బొట్లు కడుతుంది. పాడైన మైక్రోవేవ్‌లోని పళ్లెం తిప్పే మోటారు పీకి పెట్టాను, నిమిషానికి అయిదారు చుట్లు. జూలై నెల. గంటా పావు అయ్యేసరికి కరెంటు పోయింది. ఇన్వర్టరు షాపులో ఉంది, కర్ర ఇంట్లో ఉంది. చేత్తో తిప్పడం మొదలెట్టాను. మా నాన్న వచ్చి "ఏటిరా ఇది, రాట్నం పెట్టీసినావేటి" అన్నారు. సంగతి చెప్తే కుర్చీ లాక్కుని కూర్చుని, "నువ్వెళ్లి అన్నం తినీరా" అని ఆయన తిప్పడం మొదలెట్టారు. రెండున్నర గంటలు. మధ్యలో మేమిద్దరం చేతులు మార్చుకున్నాం. పాత రోజుల్లో నౌపడా వెళ్లే చిన్న రైలు గురించి ఆయన చెప్పినవన్నీ ఆ రాత్రే విన్నాను. నాలుగో గైడు మీద చిన్న బొట్టు మిగిలింది, అది ఎవరి వంతులో పడిందో ఇద్దరం ఒప్పుకోం. వానాకాలం తేమకి పైన జిడ్డు పొర కూడా కట్టింది, సబ్బు నీళ్లతో కడిగితే పోయింది.

అయిదో నంబరు అనుకుని చేశాం, అయిందా లేదా? హన్నెమన్ అనే అమెరికా ఆయన ఒక లెక్క చెప్పాడు. కర్రని అడ్డంగా బిగించి, కొనకి సంచీ కట్టి, అందులో వాళ్ల సెంటు నాణేలు వేస్తూ పోవాలి. కొన కర్ర పొడుగులో మూడో వంతు కిందకి దిగేసరికి ఎన్ని నాణేలు పడ్డాయో అది కర్ర బలం. వాళ్ల సెంటు 2.5 గ్రాములు. మన 2011లో వచ్చిన రకం రూపాయి 3.79 గ్రాములు. షాపు గల్లాపెట్టెలోంచి తీసి వేశాను. 27 రూపాయలకి 30 అంగుళాలు దిగింది. మేష్టారు కాగితం మీద లెక్క వేసి, "అయిదే! కాస్త పైన ఉండొచ్చు" అన్నారు. ఆయన మొహం చూస్తే ఎవరికో ఫస్టు క్లాసు ఇచ్చినట్టుంది.

దసరా అయ్యాక ఒక ఆదివారం పాతపట్నం వైపు, మహేంద్రతనయ ఒడ్డుకి వెళ్లాం. వెనక్కి విసిరాక దారం పూర్తిగా చాపుకునేదాకా ఆగాలి. గాజు కర్ర నెమ్మది, ఇంకా ఎక్కువ ఆగాలి. నేను ఆగలేదు. కొరడా దెబ్బలా చప్పుడై కొక్కెం తెగిపోయింది. "చెయ్యి కాదు బాబూ, కర్రని పని చెయ్యనీ" అని మేష్టారు నా మణికట్టు పట్టుకుని ఊపారు. ఇరవయ్యో ముప్ఫయ్యోసారికి దారం తిన్నగా వెళ్లింది. కర్ర పిడి దాకా వంగి, కార్కులోంచి నా అరచేతిలోకి ఏదో బరువు వచ్చి వెళ్లినట్టు తెలిసింది. అప్పుడే రీలు ఊడి కాళ్ల మీద పడింది. కంసాలి చేసిన గుండ్రటి ఉంగరం ప్రతి విసురుకీ కాస్త కాస్త జారిపోయింది. అది కొంచెం కోలగా ఉంటేనే రీలు పాదాన్ని కరుచుకుంటుందట. ఆ రోజంతా ఇన్సులేషన్ టేపు చుట్టి నడిపాను. మర్నాడు కంసాలి సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేశాడు, ఇప్పటిదాకా జారలేదు.

సాయంత్రం నీళ్లు నీడలోకి వెళ్లాక ఒక పరిగె పడింది. అరచేతిలో సగం కూడా లేదు. కొమ్ము పనివాడికి మాటిచ్చాను కాబట్టి కవర్లో నీళ్లు పోసి తీసుకెళ్లాను. చూసి నవ్వి, పెరట్లో తొట్టెలో వేశాడు. తర్వాతి కర్రకి కింద బిరడా కొమ్ముతో, రొయ్య ఆకారంలో చేస్తానంటున్నాడు. బరువెక్కుతుందని చెప్తే వినడం లేదు.

కర్ర షాపులో గోడకి వేలాడుతోంది. వెలుతురులో పట్టి చూస్తే ఆరో గైడు మిగతావాటి వరసలో లేదు, వెంట్రుక వాసి ఎడమకి తిరిగి ఉంది. మేష్టారికి కనబడలేదు, నాకు రోజూ కనబడుతోంది. అత్త ఇచ్చిన ఎర్ర కండెలో ఇంకా దారం ఉంది. ఈ వారం రెండు బోరు మోటార్లు అప్పజెప్పేసి, దాన్ని విప్పి కట్టాలి.